బరోక్ ల్యూట్ మీద ఎడమ చేయి: గిటార్ వాదకుల కోసం చేసిన ప్రసంగం

సభలోని గురువులకు, తోటి వాదకులకు, విద్యార్థులకు నమస్కారం.

ఈ రోజు నేను మాట్లాడదలచుకున్న విషయం పైకి చాలా చిన్నదిగా కనిపిస్తుంది. ఒక స్వరం పలకడానికి ఎడమ చేతి వేళ్లలో దేనిని, ఏ తీగ మీద, ఏ మెట్టు (ఫ్రెట్) దగ్గర పెట్టాలి, పెట్టిన వేలిని ఎప్పుడు తీయాలి అన్నదే ఆ విషయం. గిటార్ నేర్చుకున్న మనందరికీ దీనికి ఒక సమాధానం చిన్నప్పటి పాఠాల్లోనే అలవాటైపోయింది. చూపుడు వేలు ఏ మెట్టు దగ్గర ఉంటే దాన్ని ఆ సంఖ్య గల పొజిషన్ అంటాం. మెట్టుకొక వేలు చొప్పున నాలుగు మెట్లు నాలుగు వేళ్ల కింద ఉంటాయి. స్వరం ఆ పరిధి దాటితే చేయి జరుగుతుంది. ఈ పద్ధతి గిటార్‌కు చక్కగా సరిపోతుంది. దీన్నే బరోక్ ల్యూట్ అనే పాత యూరప్ తంత్రీ వాద్యపు సంగీతానికి తీసుకువెళ్తే స్వరాలన్నీ సరిగానే పలుకుతాయి, తాళం కూడా తప్పదు, కానీ ఆ సంగీతానికి ప్రాణమైన అల్లిక విడిపోతుంది. అది ఎందుకు విడిపోతుందో వాద్య నిర్మాణం నుంచి, తీగల శ్రుతి నుంచి, రాతపద్ధతి నుంచి చూపించడమే నా ప్రయత్నం.

ముందు వాద్యం గురించి కొంచెం చెప్పాలి. నేను బరోక్ ల్యూట్ అంటున్నది 17వ శతాబ్దపు మధ్యకాలంలో ఫ్రాన్స్‌లో రూపుదిద్దుకుని, తర్వాత జర్మన్ మాట్లాడే ప్రాంతాల్లోనూ బొహీమియాలోనూ 18వ శతాబ్దం వరకు కొనసాగిన వాద్యాన్ని. దానిలో తీగలు వరుసలుగా ఉంటాయి. మొదటి రెండు వరుసలు ఒంటి తీగలు, మిగిలినవన్నీ జంట తీగలు. ఫ్రెంచి వాద్యంలో 11 వరుసలుండేవి. 1718 ప్రాంతం నుంచి 13 వరుసల వాద్యం వాడుకలోకి వచ్చింది. ఈ మార్పును డ్రెస్డెన్ ఆస్థాన కళాకారుడు సిల్వియస్ లియోపోల్డ్ వైస్ పేరుతో ముడిపెట్టడం పరిపాటి. 1687లో పుట్టి 1750లో మరణించిన ఈ వైస్ గురించి ఈ ప్రసంగంలో చాలాసార్లు వింటారు, ఎందుకంటే ల్యూట్ వాదకుడి ఎడమ చేయి ఎలా ఆలోచిస్తుందో ఆయన రచనల్లో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదని నా నమ్మకం.

అసలు తేడా శ్రుతి దగ్గర మొదలవుతుంది. 1600 నాటికి ల్యూట్ తీగల మధ్య దూరాలు దాదాపు అన్నీ ఫోర్త్‌లే, నడుమ ఒక్కచోట మాత్రం మేజర్ థర్డ్ ఉండేది (ఫోర్త్ అంటే అయిదు అర్ధస్వరాల దూరం, మేజర్ థర్డ్ అంటే నాలుగు; ఒక అర్ధస్వరం అంటే ఒక మెట్టు). ఇది మన గిటార్‌కు దగ్గరి బంధువు. గిటార్ మూడో తీగను అర్ధస్వరం తగ్గిస్తే ఆ పాత ల్యూట్ అమరికే వస్తుంది, అందుకే 16వ శతాబ్దపు సంగీతాన్ని గిటార్ వాదకులు ట్యాబ్లేచర్ (తీగను, మెట్టును చూపే రాత) చూసి నేరుగా వాయించగలుగుతున్నారు. 17వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో పారిస్‌లో ఈ అమరికను వదిలి రకరకాల కొత్త శ్రుతులను పరీక్షించారు. పియెర్ బల్లార్ 1631లోనూ 1638లోనూ అచ్చువేసిన సంపుటాల్లో ఈ కొత్త శ్రుతుల రచనలు వరుసగా కనిపిస్తాయి. ఆ పరీక్షల్లో చివరికి నిలబడింది డి మైనర్ అమరిక. పై నుంచి కిందికి ఎఫ్, డి, ఎ, ఎఫ్, డి, ఎ అన్నవి ఆరు వరుసలు. ఏ వేలూ పెట్టకుండా ఆరింటినీ మీటితే డి మైనర్ కార్డ్ (కలిసి మోగే స్వరాల గుచ్ఛం) మోగుతుంది. వాటి కింద జి నుంచి మొదలై మెట్టు మెట్టుగా దిగే మంద్ర తీగలుంటాయి.

ఈ అమరికలో తీగకూ తీగకూ మధ్య దూరాలు సమానంగా ఉండవు. మొదటి రెండింటి మధ్య మైనర్ థర్డ్ (మూడు అర్ధస్వరాలు), రెండు మూడింటి మధ్య ఫోర్త్, మూడు నాలుగింటి మధ్య మేజర్ థర్డ్, ఆ తర్వాత మళ్లీ మైనర్ థర్డ్, ఫోర్త్. గిటార్‌లో ఒక్కచోట తప్ప అంతటా ఫోర్త్‌లే కాబట్టి, ఒక తీగ మీది స్వరాలు పూర్తయి పక్క తీగకు వెళ్లేలోపు నాలుగైదు అర్ధస్వరాలు ఆ ఒక్క తీగ మీదే పలకాలి. నాలుగు వేళ్లు, నాలుగు మెట్లు అన్న పొజిషన్ భావన అక్కడి నుంచే పుట్టింది. ల్యూట్‌లో మొదటి రెండు వరుసల మధ్య ఓపెన్ తీగతో (వేలు పెట్టని తీగతో) పాటు రెండు మెట్లు అందితే చాలు, మూడో మెట్టు దగ్గరి స్వరం పై తీగకు ఓపెన్‌లోనే సిద్ధంగా ఉంటుంది. అందుకే చేయి చాలాసేపు తలకట్టు దగ్గరే, మొదటి నాలుగు మెట్ల పరిధిలోనే ఉండిపోతుంది. పొజిషన్ అనే లెక్క అక్కడ పెద్దగా ఉపయోగపడదు. ఏ స్వరం ఏ తీగ మీద ఉందన్నదే లెక్క.

ఒక ఉదాహరణ చూద్దాం. పై ఎ నుంచి మధ్య ఎ వరకు డి మైనర్ స్వరశ్రేణిని కిందికి దిగుతూ వాయించాలనుకోండి. ఎ, జి, ఎఫ్, ఇ, డి, సి, బి-ఫ్లాట్, ఎ అనే ఎనిమిది స్వరాలు. గిటార్ మీద మొదటి తీగ 5, 3, 1 మెట్ల మీద మొదటి మూడు స్వరాలు వస్తాయి, ఇ ఓపెన్ తీగ, డి, సి రెండో తీగ మీద, చివరి రెండూ మూడో తీగ మీద. ఎనిమిదింటిలో ఓపెన్ తీగ ఒక్కటే. ల్యూట్ మీద ఎ, జి మొదటి వరుస 4, 2 మెట్ల మీద, ఎఫ్ ఓపెన్, ఇ రెండో వరుస 2వ మెట్టు మీద, డి ఓపెన్, సి, బి-ఫ్లాట్ మూడో వరుస 3, 1 మెట్ల మీద, చివరి ఎ ఓపెన్. ఎనిమిదింటిలో మూడు ఓపెన్ తీగలు. ఎఫ్ మోగుతూ ఉండగానే దాని కింద ఇ వినిపిస్తుంది, ఇ కోసం పెట్టిన వేలు తీయగానే అదే తీగ మీద డి విచ్చుకుంటుంది, ఆ డి ఇంకా గాలిలో ఉండగా సి వచ్చి చేరుతుంది. గిటార్ మీద ఒక గీతలా వినిపించే శ్రేణి ల్యూట్ మీద రెండు మూడు పాయలుగా ఒకదానిపై ఒకటి ఒరుగుతూ వినిపిస్తుంది. ఈ ఒరవడి వాద్యపు లోపం కాదు, ఆ రచయితలు కోరుకున్నదే అది.

కార్డ్‌ల విషయంలో ఈ తేడా ఇంకా గట్టిగా తెలుస్తుంది. జి మైనర్‌ను తీసుకోండి. గిటార్‌లో మామూలుగా మనం 3వ మెట్టు మీద చూపుడు వేలితో ఆరు తీగలకూ బార్ వేసి (ఒకే వేలిని అడ్డంగా పరిచి అన్నిటినీ నొక్కి), ఉంగరపు వేలిని, చిటికెన వేలిని 5వ మెట్టు మీద పెడతాం. ఒక్క ఓపెన్ తీగ కూడా మోగదు, చేతిలో మిగిలేది నడిమి వేలొక్కటే. ఓపెన్ తీగలు కలిపి వేసే పద్ధతులున్నా, కింది జి కోసం ఒక వేలిని ఖర్చు పెట్టక తప్పదు. ఇదే జి మైనర్ బరోక్ ల్యూట్ మీద ఎలా ఉందో చూడండి. మూడో వరుస 1వ మెట్టు మీద చూపుడు వేలు బి-ఫ్లాట్‌ను పలికిస్తుంది. నాలుగో వరుస 2వ మెట్టు మీద నడిమి వేలు, మొదటి వరుస 2వ మెట్టు మీద ఉంగరపు వేలు రెండు జి స్వరాలను పట్టుకుంటాయి. రెండో వరుసా అయిదో వరుసా డి గా ఓపెన్‌లోనే మోగుతాయి. కింది జి ఏడో వరుస ఓపెన్ తీగ, దాన్ని కుడి చేతి బొటనవేలు చూసుకుంటుంది. ఆరు స్వరాల నిండైన కార్డ్‌కు మూడు వేళ్లు చాలాయి. చిటికెన వేలు ఖాళీగా ఉంది, అది మూడో వరుస 3వ మెట్టు మీది సి ని తాకి రావచ్చు, మిగిలిన కార్డ్ ఏమాత్రం చెదరదు. బరోక్ ల్యూట్ సంగీతంలో కదలిక అంతా ఈ ఖాళీ వేలి నుంచే పుడుతుందని చెప్పినా అతిశయోక్తి కాదు.

మంద్ర తీగల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. వాటిని రచన ఏ కీ (ఆధార స్వరశ్రేణి) లో ఉందో దాన్నిబట్టి ముందే శ్రుతి చేసుకుంటారు. డి మైనర్‌లో బి-ఫ్లాట్ ఉంచుతారు, డి మేజర్‌కు మారితే ఎఫ్, సి తీగలను షార్ప్ చేసి (అర్ధస్వరం పెంచి) బి-ఫ్లాట్‌ను బి గా పెంచుతారు. పైనున్న ఏడు, ఎనిమిది వరుసలను అప్పుడప్పుడు మెట్టు మీద నొక్కే సందర్భాలున్నా, ఎక్కువ భాగం ఇవి ఓపెన్‌గానే మోగుతాయి. డి, సి, బి-ఫ్లాట్, ఎ అని దిగే మంద్ర పంక్తిని ల్యూట్ వాదకుడు ఎడమ చేతి ప్రమేయమే లేకుండా వాయిస్తాడు. గిటార్ వాదకుడికి అదే పంక్తి ఒక పరీక్ష. ఆరో తీగను డి కి దించుకున్నా దాని కింద తీగలు లేవు, పంక్తిని మధ్యలో విరిచి పై స్థాయికి ఎత్తుకోవాలి, ఎత్తిన ప్రతి స్వరానికీ ఒక వేలిని కేటాయించాలి, అలా కేటాయించిన వేలు పైన మోగుతున్న స్వరాన్ని వదిలి రావాలి. స్పెయిన్ గిటార్ వాదకుడు నార్సిసో యెపెస్ 1964 నుంచి పది తీగల గిటార్ వాడటం చాలామందికి తెలుసు. అదనపు తీగలు మంద్రం విషయంలో కొంత ఊరటనిస్తాయి. పై ఆరు తీగల మధ్య ఫోర్త్‌లు మాత్రం అలాగే ఉంటాయి కాబట్టి నేను ఇప్పటిదాకా చెప్పిన అల్లిక సమస్య దానితో తీరదు.

ఇక రాతపద్ధతి దగ్గరికి వద్దాం. నా దృష్టిలో ఈ ప్రసంగానికి ఇదే కేంద్రం. బరోక్ ల్యూట్ సంగీతం ఫ్రెంచి ట్యాబ్లేచర్‌లో ఉంటుంది. ఆరు గీతలు ఆరు వరుసలు. గీత మీద ఎ అక్షరం ఉంటే ఓపెన్ తీగ, బి ఉంటే 1వ మెట్టు, సి ఉంటే 2వ మెట్టు, అలా ముందుకు వెళ్తుంది. మంద్ర తీగలను గీతల కింద చిన్న అడ్డగీతలతోనూ అంకెలతోనూ సూచిస్తారు. పైన లయ గుర్తులుంటాయి, ఒక స్వరం తర్వాత మరో స్వరం ఎంతసేపటికి మొదలవ్వాలో అవి చెబుతాయి. ఈ రాత నుంచి మనకు తెలిసేవి రెండు: స్వరం ఏ తీగ మీద ఏ మెట్టు దగ్గర ఉంది, అది ఎప్పుడు మొదలవుతుంది. ఎప్పుడు ఆగుతుందో ఈ రాత చెప్పదు. స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల మీద స్వరాలు రాసే మామూలు పద్ధతి) దీనికి సరిగ్గా వ్యతిరేకం. స్వరం ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగాలో అక్కడ రాసి ఉంటుంది, ఏ తీగ మీద పలికించాలో వాదకుడికే వదిలేస్తారు. గిటార్ ప్రచురణల్లో సంపాదకులు వలయాల్లో తీగ సంఖ్యలు, రోమన్ అంకెల్లో పొజిషన్లు, వేళ్ల సంఖ్యలు చేర్చడానికి కారణం ఈ ఖాళీయే.

దీని ఫలితాన్ని ఒకసారి ఆలోచించండి. వైస్ రాసిన ట్యాబ్లేచర్ చూస్తే ఒక స్వరాన్ని ఆయన ఏ తీగ మీద కోరుకున్నాడో మనకు 300 ఏళ్ల తర్వాత కూడా కచ్చితంగా తెలుస్తుంది. పక్కపక్క స్వరాలను వేర్వేరు తీగల మీద పెట్టాడంటే అవి కలిసి మోగాలని కోరుకున్నాడన్నమాట. ఒకే తీగ మీద పెట్టాడంటే మొదటిది ఆగి రెండోది మొదలవ్వాలి. స్వరం నిడివిని ఆయన తీగ ఎంపికలోనే రాసిపెట్టాడు. ఆ నిడివిని చదవాల్సింది వాదకుడి ఎడమ చేయి. అందుకే ల్యూట్ బోధనలో అన్ని కాలాల్లోనూ వినిపించే నియమం ఒకటుంది: మరో పని కోసం తప్పనిసరిగా లేవాల్సి వచ్చేవరకు వేలిని తీగ మీద నుంచి తీయవద్దు. వెనిస్‌లో 1517 ప్రాంతంలో రాసిన కపిరోలా చేతిరాత పుస్తకంలోనే ఈ మాట ఒక రహస్యమంత గొప్పగా కనిపిస్తుంది. ల్యూట్ వాదకుడు జాన్ బాప్టిస్ట్ బెసార్ బోధన 1610లో లండన్‌లో ఆంగ్లంలో అచ్చయినప్పుడు అందులోనూ ఇదే నియమం ఉంది. కాలం మారింది, శ్రుతి మారింది, తీగల సంఖ్య దాదాపు రెండింతలైంది, ఈ నియమం మాత్రం మారలేదు.

గిటార్ తరగతుల్లో మనం నేర్పే అలవాటు దీనికి ఎలా అడ్డువస్తుందో చెప్పాలి. కార్డ్‌లోని స్వరాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చినప్పుడు, ఏ స్వరం వస్తే ఆ వేలిని అప్పుడే పెట్టమని, అవసరం తీరగానే వేలిని సడలించి చేతిని తేలికగా ఉంచమని మనం చెబుతాం. వేగవంతమైన గిటార్ వాదనకు ఇది మంచి సలహా. 17వ శతాబ్దపు ఫ్రెంచి ల్యూట్ రచనను, అంటే ఎన్నెమొన్ గోల్టియే, డెనీ గోల్టియే, షార్ల్ మూతోన్ వంటి వారి ఆల్‌మాండ్, కురాంత్ అనే నృత్య రచనలను తీసుకుంటే, అక్కడ కార్డ్ దాదాపు ఎప్పుడూ విడిపోయే వస్తుంది. మంద్రం ఒకచోట, పై స్వరం అర క్షణం ఆలస్యంగా, మధ్య స్వరం ఇంకొంచెం తర్వాత. కాగితం మీద అది ఒంటి స్వరాల వరుసలా కనిపిస్తుంది. గిటార్ అలవాటుతో వేళ్లు ఒక్కొక్కటిగా పెట్టి తీసేస్తే చెవికి కూడా ఒంటి స్వరాల వరుసే వినిపిస్తుంది. ల్యూట్ వాదకుడు మొదటి స్వరం మీటక ముందే కార్డ్ మొత్తాన్ని ఎడమ చేతితో పట్టుకుంటాడు, తర్వాతి కార్డ్ పిలిచేవరకు వదలడు. అప్పుడు ఆ చెదిరిన స్వరాల వెనుక మూడు నాలుగు గొంతుల సంభాషణ వినిపిస్తుంది. నన్నడిగితే, ఈ సంగీతం మొదలుపెట్టే గిటార్ వాదకుడు మొదట మార్చుకోవాల్సింది ఈ ఒక్క అలవాటునే.

చేతికి శారీరకంగా ఎదురయ్యే తేడాలు కూడా ఉన్నాయి. నేటి గిటార్ తీగ నిడివి సాధారణంగా 650 మిల్లీమీటర్లు. బరోక్ ల్యూట్‌లో 700 మిల్లీమీటర్లు, కొన్నిట్లో అంతకుమించి ఉంటుంది. 650 లో 1వ మెట్టు నుంచి 4వ మెట్టుకు దూరం సుమారు 98 మిల్లీమీటర్లు, 700 లో సుమారు 105. ఏడు మిల్లీమీటర్లు వినడానికి తక్కువే, వేళ్లు చాచి పట్టి ఉంచాల్సిన చోట అది బాగా తెలుస్తుంది. అయితే థర్డ్‌ల అమరిక వల్ల నాలుగు మెట్లను ఒకేసారి పరచుకోవాల్సిన సందర్భాలు గిటార్‌లో కంటే తక్కువ కాబట్టి, పెరిగిన దూరాన్ని శ్రుతే కొంతవరకు సర్దుబాటు చేస్తుంది. తీగలు బిగువు తక్కువగా ఉంటాయి, నొక్కడానికి బలం అక్కర్లేదు, కానీ వేలి కొన జంట తీగలు రెండింటినీ ఒకే ఒత్తిడితో పట్టాలి. గిటార్‌లో వేలిని నిటారుగా దించి కొనతో నొక్కే చేయి ఇక్కడ ఒక తీగను పట్టి రెండోదాన్ని జారవిడుస్తుంది. వేలు కొంచెం వాలాలి. గిటార్ పాఠశాలల్లో తప్పని దిద్దే ఈ వాలు ఇక్కడ అవసరం.

బార్ విషయంలోనూ ఇంతే. ఆరు తీగల మీద ఇనుప కడ్డీలా వేసే బార్ ల్యూట్ మీద అరుదు. మెట్ల పలక కొంచెం గుండ్రంగా ఉంటుంది, మెట్లు పేగుతో కట్టినవి. దానికి తోడు అంత పొడవైన బార్ అవసరమూ తక్కువే, ఎందుకంటే మొదటి మూడు వరుసల మీద చూపుడు వేలిని అడ్డంగా వేస్తే చాలు, ఏ మెట్టు దగ్గరైనా ఒక సంపూర్ణ మైనర్ ట్రయడ్ (మూడు స్వరాల కార్డ్) వస్తుంది. ట్రిల్‌ల (రెండు పక్క స్వరాలను వేగంగా మార్చి మార్చి పలికించడం) విషయంలో ఒక ఆసక్తికరమైన సంగతి చెప్పి ముందుకు వెళ్తాను. ఇ మీద ట్రిల్ వేయాలంటే పైనున్న ఎఫ్ మొదటి వరుసలో ఓపెన్‌గా సిద్ధంగానే ఉంది. అయినా ల్యూట్ వాదకుడు ఆ ఎఫ్ ను రెండో వరుస 3వ మెట్టు దగ్గర పట్టుకుంటాడు, కుడి చేయి ఒక్కసారే మీటుతుంది, మిగతా కంపనమంతా ఎడమ చేతి వేలే అదే తీగ మీద చేస్తుంది. నేటి గిటార్‌లో కొందరు రెండు తీగల మీద కుడి చేతితో వేసే ట్రిల్ ఈ సంగీతంలో ఉన్న నిట్టూర్పును చెరిపేస్తుందని నా అభిప్రాయం.

కట్టిన మెట్ల వల్ల ఎడమ చేతికి మరో బాధ్యత వస్తుంది. సితార్ మెట్లలా ఇవి జరుగుతాయి కాబట్టి వాదకుడు సమాన విభజన కాని శ్రుతులను ఎంచుకోవచ్చు. మీన్‌టోన్ పద్ధతిలో అర్ధస్వరాలన్నీ ఒకే పరిమాణంలో ఉండవు. డి నుంచి ఇ-ఫ్లాట్‌కు, ఎ నుంచి బి-ఫ్లాట్‌కు ఉన్న దూరం పెద్దది, ఎఫ్ నుంచి ఎఫ్-షార్ప్‌కు ఉన్న దూరం చిన్నది. డి మైనర్ అమరికలో ఈ మూడు స్వరాలూ ఒకే 1వ మెట్టు మీద ఉన్నాయి. ఆ మెట్టును ఎక్కడ కట్టినా ఎవరో ఒకరికి అన్యాయమే. వాదకుడు రాజీకి ఒక చోటు చూసి కట్టి, మిగిలిన సర్దుబాటు వేలితో చేస్తాడు: తీగను కొంచెం లాగుతాడు, లేదా ఎఫ్-షార్ప్‌ను రెండో వరుస 4వ మెట్టు దగ్గర తీసుకుంటాడు. గిటార్‌లో లోహపు మెట్లు ఈ ప్రశ్ననే మన చేతి నుంచి తీసేసుకున్నాయి.

ఇప్పుడు ఒక రచన దగ్గర ఆగుదాం. ప్రాగ్ నగరానికి చెందిన ల్యూట్ కళాకారుడు కౌంట్ లోజీ 1721లో మరణించినప్పుడు వైస్ ఒక టోంబో, అంటే స్మృతి గీతం రాశాడు. దాని కీ బి-ఫ్లాట్ మైనర్. అయిదు ఫ్లాట్‌లున్న ఈ కీ లో పై ఆరు ఓపెన్ తీగల్లో ఏవి పనికొస్తాయో లెక్కపెట్టండి. రెండు ఎఫ్ తీగలు పనికొస్తాయి. ఎ తీగలు తిరిగి మూలస్వరానికి చేర్చే లీడింగ్ నోట్‌గా మాత్రమే పనికొస్తాయి. డి తీగలు స్వరశ్రేణికే చెందవు, అక్కడ కావాల్సింది డి-ఫ్లాట్. అంటే వాద్యం సహజంగా మోగే మార్గాలను చాలావరకు మూసేసి వైస్ ఈ రచన చేశాడు. దాదాపు ప్రతి స్వరాన్నీ నొక్కి పట్టాలి, వేలు అలసి సడలితే స్వరం చచ్చిపోతుంది. 1వ మెట్టు మీద చూపుడు వేలిని అడ్డంగా వేస్తే వచ్చే ఇ-ఫ్లాట్ మైనర్ ఈ కీ లో స్వరశ్రేణి నాలుగో స్వరం మీది కార్డ్, బరువైన కార్డ్. ఆ మూగబోయిన నాదం, ఆ చేతి శ్రమ రెండూ దుఃఖంలో భాగమేనని నేను నమ్ముతాను. గిటార్ వాదకుడు ఈ రచనను తన వాద్యానికి అనువైన కీ లోకి, ఓపెన్ తీగలు ఖంగున మోగే చోటుకి మార్చుకుంటే వేళ్లకు హాయిగా ఉంటుంది, వైస్ మూసిన తలుపులు తెరుచుకుంటాయి. ఈ ఒక్క రచన విషయంలో మాత్రం కష్టమైన కీ నే ఎంచుకోమని నా విద్యార్థులకు చెబుతాను.

జర్మన్ సంగీతకర్త బాఖ్ ప్రస్తావన లేకుండా ఈ చర్చ పూర్తి కాదు, కాకపోతే ఆయన స్థానం వేరు. ల్యూట్ రచనలుగా మనం చెప్పుకునేవాటికి బాఖ్ స్వహస్తంతో ఉన్న ప్రతులు స్టాఫ్ నొటేషన్‌లో ఉన్నాయి. బిడబ్ల్యువి (బాఖ్ రచనల జాబితా సంఖ్య) 995 ప్రతి బ్రస్సెల్స్‌లో ఉంది. అందులో 13 వరుసల ల్యూట్ అట్టడుగు తీగ అయిన ఎ కంటే కిందికి వెళ్లే జి ఉంది. బిడబ్ల్యువి 998 ప్రతి మీద ల్యూట్ లేదా హార్ప్సికార్డ్ కోసమని రాసి ఉంది. అంటే తీగ ఎంపికలో రచయిత చేయి మనకు కనిపించదు. ఆ కాలపు ల్యూట్ వాదకుడి చేయి కనిపించేది యోహాన్ క్రిస్టియన్ వైరౌఖ్ చేసిన ట్యాబ్లేచర్లలో. జి మైనర్ ఫ్యూగ్ (ఒకే ఇతివృత్తం గొంతు తర్వాత గొంతులో వచ్చే రచన) అయిన బిడబ్ల్యువి 1000 మొత్తాన్ని, సి మైనర్‌లోని 997 నుంచి మూడు భాగాలను ఆయన ట్యాబ్లేచర్‌లోకి మార్చాడు. 997 లోని ఫ్యూగ్, దూబ్ల్ (ఒక భాగాన్ని అలంకరించి మళ్లీ వాయించే రూపం) అందులో లేవు. ఈ రచనలను ఎ మైనర్‌లో నేర్చుకున్న గిటార్ వాదకులు వైరౌఖ్ ట్యాబ్లేచర్‌ను పక్కన పెట్టుకుని చూడాలి. స్టాఫ్ మీద నిడివిగా కనిపించిన స్వరాన్ని ఆయన ఎక్కడ పట్టి ఉంచాడో, ఎక్కడ వదులుకున్నాడో ఆ పుటల్లో చేతితో చదువుకోవచ్చు.

చేయి ఎంత నిజం చెబుతుందో తెలిపే ఒక ప్రసిద్ధ సందర్భం ఉంది. మెక్సికో సంగీతకర్త మాన్యుయెల్ పోన్సే గిటార్ కోసం రాసిన ఎ మైనర్ స్వీట్‌ను (నృత్య రచనల వరుసను) స్పెయిన్ గిటార్ వాదకుడు అంద్రెస్ సెగోవియా చాలాకాలం వైస్ రచనగా వాయించాడు. శ్రోతలు నమ్మారు. దాన్ని డి మైనర్ అమరిక గల ల్యూట్ మీద పెట్టి చూస్తే మాత్రం సంగతి త్వరగానే బయటపడుతుంది. మంద్ర పంక్తి గిటార్ ఓపెన్ తీగలైన ఎ, ఇ, డి ల చుట్టూ అల్లుకుని ఉంటుంది, మెట్టు మెట్టుగా దిగే మంద్ర తీగల మీద పుట్టిన పంక్తుల నడక దానికి లేదు. అది అందమైన సంగీతమే. అది గిటార్ మీద ఆలోచించిన చేతి నుంచి వచ్చింది.

మరి గిటార్ మాత్రమే చేతిలో ఉన్న వాదకుడు ఏం చేయాలి? మెట్ల సంఖ్యలను నకలు చేయడం వల్ల లాభం లేదు, ఎందుకంటే ఏ ఒక్క తీగను మార్చినా ఫోర్త్‌ల అమరిక డి మైనర్ అమరికగా మారదు. ముందు ట్యాబ్లేచర్‌ను దగ్గర పెట్టుకుని, ప్రతి స్వరం ల్యూట్ మీద సహజంగా ఎక్కడ ఆగిపోతుందో పెన్సిల్‌తో గుర్తించాలి. అదే తీగ మీద తర్వాతి స్వరం వచ్చిన చోట, లేదా ఆ వేలు మరో పనికి వెళ్లక తప్పని చోట అది ఆగుతుంది. అలా తయారైన నిడివుల పటాన్ని గిటార్ మీదకు తేవాలి. అప్పుడు మామూలు పొజిషన్ వదిలేసి, ఒక స్వరాన్ని కింది తీగ మీద పై మెట్టు దగ్గర, పక్క స్వరాన్ని ఓపెన్ తీగ మీద తీసుకోవాల్సి వస్తుంది. ఇది గిటార్‌కు పరాయిది కాదు. గాస్పర్ సాన్స్ 1674లో సరగోసాలో ప్రచురించిన గిటార్ బోధనలోనే గంటల్లా ఒకదానిలో ఒకటి కలిసి మోగే ఈ కంపానెలా పద్ధతి ఉంది. 19వ శతాబ్దంలో ఆరు ఒంటి తీగల గిటార్ స్థిరపడి, పొజిషన్ ఆధారిత బోధన బలపడ్డాక అది వెనక్కి వెళ్లింది, అంతే.

పట్టి ఉంచే నియమానికి హద్దు ఎక్కడన్నది చివరగా చెప్పాలి. పక్కపక్క అర్ధస్వరాలు రెండు తీగల మీద కలిసి మోగుతున్నప్పుడు, ఉదాహరణకు నేను ముందు చెప్పిన శ్రేణిలో ఎఫ్, ఇ దగ్గర, ఆ ఘర్షణను ఎంతసేపు ఉండనివ్వాలో వాదకుడే తేల్చుకోవాలి. నా పద్ధతి ఇది. కింద ఉన్న సామరస్యంలో ఎఫ్ భాగమైతే దాన్ని మోగనిస్తాను, ఇ దాని మీద ఒరిగిన అలంకారంగా వినిపిస్తుంది. సామరస్యం ఎ మేజర్‌కు మారిపోయి ఇ ప్రధాన స్వరమైతే, ఇ పలికించే వేలినే కొంచెం వాల్చి దాని కింది వైపుతో ఎఫ్ తీగను ఆపేస్తాను. గిటార్ మీద కూడా ఇదే వేలి వాలుతో ఓపెన్ ఇ తీగను ఆపవచ్చు. ఏ స్వరశ్రేణి అయినా సరే, నెమ్మదిగా, ప్రతి స్వరం దగ్గర ఆగి, ఆ క్షణంలో మోగుతున్న తీగలన్నిటినీ పేరుపేరునా పైకి చెప్పుకుంటూ సాధన చేయండి. ఏ తీగ మోగుతున్నదో చెప్పలేకపోయిన చోట వేళ్ల అమరికను మళ్లీ చూడాలి. ఇప్పుడు 11 వరుసల ల్యూట్ మీద ఒక సరబాంద్ (నెమ్మదైన నృత్య రచన) వాయించి, అదే సరబాంద్‌ను గిటార్ మీద రెండు రకాల ఫింగరింగ్‌లతో చూపిస్తాను. ముందు వరుసలో ఉన్నవారు నా చిటికెన వేలిని గమనించండి.